ఆ హోరు తగ్గినప్పుడు

రాత్రి పన్నెండు కావస్తోంది. వైజాగ్ చేరి నాలుగు గంటలైంది, అందరూ పడుకున్నారు. నాకే నిద్ర పట్టడం లేదు. విమానం వల్ల కాదు, "ఏం కాదులే" అన్న మాట వల్ల.

ఇంటికి తాళం వేస్తూ ఒకసారి, శంషాబాద్‌లో చెకింగ్ లైన్లో ఒకసారి, నేను బెల్టు బిగించుకుంటుంటే ఇంకోసారి అన్నారు మా ఆయన. భయపడుతున్న మనిషితో ఆ మాటంటే ఇక మాట్లాడకు అన్నట్టే. పైగా రోడ్డు ప్రమాదాలతో పోలిక. అదీ నాకు తెలుసు. కానీ 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఆ విమానం ఎగిరిన నిమిషంలోపే కూలింది. అప్పటినుంచి నా భయమంతా ఆ మొదటి నిమిషం దగ్గరే ఆగిపోయింది. పైకి లేచిన కాసేపటికే ఇంజన్ల హోరు తగ్గిపోతుంది చూడండి, అక్కడ నా గుండె జారిపోతుంది.

పోయిన వారం బుజ్జి ఒక వీడియో చూపించాడు. 1995లో బోయింగ్ 777 రెక్కల్ని పరీక్ష కోసం పైకి వంచుతూ పోయారు. ప్రయాణంలో రాగల అత్యధిక భారానికి 154 శాతం దాకా తట్టుకుని, అప్పుడు విరిగాయి. ఆశ్చర్యంగా చూశాను గానీ భయం తగ్గలేదు. అప్పుడడిగాడు వాడు, "అసలు ఎక్కడ భయమేస్తుంది పెద్దమ్మా?" అని.

చెప్పాను. అది రోజూ జరిగేదేనట. సాధారణంగా 1,000, 1,500 అడుగులు దాటాక పైలట్లు కావాలనే ఇంజన్ల శక్తి తగ్గిస్తారు. ఎగరడానికి వాడినంత బలం ఆ తర్వాత అక్కర్లేదు, ఇంజన్ మీదా భారం తగ్గుతుంది. అప్పుడు విమానం పైకే పోతున్నా, ఊపు తగ్గేసరికి మన లోపలి చెవి కిందికి పడుతున్నామని పొరబడుతుంది.

వాడు చెబుతుంటే నాన్న గుర్తొచ్చారు. సెలవుల్లో ఆయన బస్సులో బానెట్ పక్కన కూర్చుని వెళ్లేదాన్ని. కాళ్లకి ఇంజన్ వేడి తగిలేది. శ్రీశైలం ఘాట్ దిగుతుంటే ఇంజన్ ఒకటే అరుపు. ఏదో విరిగిపోతోందనుకుని ఆయన చొక్కా పట్టుకున్నాను. చూపు రోడ్డు మీంచి తిప్పకుండానే, "చిన్న గేర్లో ఉంచానమ్మా. అది అరుస్తోందంటే బండిని పట్టి ఆపుతోందని" అన్నారు. భయపడకు అని అనలేదు. ఆ తర్వాత దారంతా ఆ అరుపు వింటూ ధైర్యంగా కూర్చున్నాను.

ఈరోజు చక్రాలు లోపలికి వెళ్లిన దడదడ విన్నాను. హోరు తగ్గింది. "ఇప్పుడు తగ్గించారు" అని పైకే అన్నాను. కడుపులో అదే ఖాళీ, కానీ మా ఆయన చెయ్యి పట్టుకోలేదు. అంతే, అయిపోయింది.

ఇంత రాశాక ఒకటి అనిపిస్తోంది. బుజ్జికి చెప్పిన ఆ శబ్దం సంగతి ఆయనకి నేను ఎప్పుడైనా చెప్పానా? లేదు. భయమేస్తోంది అని మాత్రమే అనేదాన్ని. దానికి పాపం ఆయన మాత్రం ఇంకేం అనగలరు? పొద్దున కాఫీ దగ్గర మొత్తం చెప్పాలి.

నాన్నకి కూడా ఫోన్ చెయ్యాలి. ఆయన ఇంతవరకూ విమానం ఎక్కలేదు. ఇంజన్ శక్తి ఎందుకు తగ్గిస్తారో సగం చెప్పేలోపే మిగతా సగం ఆయనే చెప్పేస్తారు.