కూర్చున్న కొలత

వెన్నుపూసకు కూడా టీబీ వస్తుందని నాకు వచ్చేదాకా తెలియదు. దగ్గు లేదు, తెమడ లేదు. వీపు నొప్పి, పొద్దుగూకితే ఒళ్లు వెచ్చబడడం, రోజురోజుకూ చిక్కిపోవడం, అంతే. హన్మకొండలో మొదట చూసిన డాక్టరు డిస్కు జరిగిందని నడుముకు బెల్టు రాసిచ్చాడు. బెల్టు పెట్టుకుని తిరుగుతుండగానే కాళ్లు తేలిపోయాయి. చెప్పు ఊడిపోయినా తెలిసేది కాదు. ఎమ్మారై తీస్తే, పూసలు పాడై చీము వెన్నుపామును ఒత్తుతోందని తేలింది. హైదరాబాదులో ఆపరేషన్ చేశారు.

ఊపిరితిత్తుల టీబీకి మామూలుగా ఆరు నెలల మందులు. వెన్నుపూసకైతే ఏడాది, కొందరికి ఇంకా ఎక్కువ. రిఫాంపిసిన్ అనే టీబీ మందు వల్ల మూత్రం నారింజ రంగులో వస్తుంటే మా అత్తమ్మ రక్తమే పోతోందని ఏడ్చింది. తిండికని ప్రభుత్వం అప్పట్లో నెలకు 500 వేసేది (2024 నవంబరు నుంచి వెయ్యి చేశారు). అవి గుడ్లకు సరిపోయేవి.

మెల్లగా కాళ్లలో కొంత బలం వచ్చింది. వాకర్ పట్టుకుని ఇంట్లో నాలుగడుగులు వేస్తాను, గడప దాటితే చక్రాల కుర్చీయే. ఆ కుర్చీలో కూర్చోవడం మొదలుపెట్టాకే తోక ఎముక దగ్గర పుండు పడింది. దిండు మార్చాం, పరుపు మార్చాం, మానలేదు. చివరికి ఫిజియో అమ్మాయి నా వెనక చెయ్యి పెట్టి తడిమింది. లోపలి లంగా నాడా ముడి వెనక్కి తిరిగి సరిగ్గా ఎముక మీద ఉంది. స్పర్శ లేని చర్మం కదా, రాయి గుచ్చుకున్నా చెప్పదు. ఒత్తిడికి రక్తం ఆడని చోట కండ కొన్ని గంటల్లోనే చచ్చిపోవడం మొదలవుతుందట.

మా ఆయనది వరంగల్‌లో టైలర్ షాపు. ఆ రాత్రి టేపు తెచ్చి నన్ను కుర్చీలోనే కొలిచాడు. "ఇన్నేండ్ల సంది నిలబడ్డోళ్లనే కొలిచిన" అన్నాడు. కూర్చుంటే వెనకభాగం కిందికి లాగి నడుము బయటపడుతుంది, ముందు గుడ్డ పొట్ట మీద ముద్దవుతుంది, కాలి అంచు మడమ పైకి ఎగబాకుతుంది. అందుకని వెనక ఎత్తు పెంచి, ముందు తగ్గించి, పొడవు ఎక్కువ పెట్టి పైజామా కుట్టాడు. కూర్చుంటే ఒంటి కిందికి వచ్చే చోట కుట్టు లేదు, వెనక జేబు లేదు. నాడా తీసేసి మెత్తటి వెడల్పు ఎలాస్టిక్ వేశాడు, అదీ వదులుగానే. ఛాతీలోని ఆరో పూస దగ్గర, ఆ పైన వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లకైతే బిగుతు బట్ట కూడా బీపీని ప్రమాదకరంగా పెంచగలదని ఫిజియో అమ్మాయి చెప్పింది.

ఆ పైజామా ఎవరి సాయం లేకుండా మంచం మీద నేనే తొడుక్కున్నాను. మందులు అయిపోయాయని డాక్టరు చెప్పిన రోజుకన్నా నాకు అదే పెద్ద రోజు.

తర్వాత ఇలాంటి బట్టలు వేరేవాళ్లకూ కుట్టడం మొదలుపెట్టాం. మొదటి గిరాకీ ఫిజియో దగ్గర పరిచయమైన గీత కార్మికుడు. తాటిచెట్టు మీంచి పడి నడుము కింద చచ్చుబడింది. "అక్కా, పడ్డప్పటి సంది లుంగీయే. బిడ్డ పెండ్లికన్న ప్యాంటు తొడుక్కుంట" అన్నాడు. ఆయనకు కాలికి మూత్రం సంచి ఉంటుంది. లోపలి వైపు మోకాలి కింద నుంచి జిప్పు పెట్టాం, ప్యాంటు విప్పకుండానే సంచి ఖాళీ చేసుకోవచ్చు. ప్యాంటు ముందు భాగంలో వెల్‌క్రో (అంటుకుని మూసుకునే పట్టీ) వేశాం గానీ, గరుకు ముక్క చర్మానికి తగిలేలా కుట్టామని అత్తమ్మ పట్టేసి విప్పించింది. మెత్తనిది ఒంటి వైపుకి, గరుకుది బయటికి. ఇప్పుడు కాజాలు, తనిఖీ ఆమెవే. ఆడబిడ్డ ఓవర్‌లాక్ మెషిన్ మీద కూర్చుంటుంది, ఫోన్లో కొలతలు రాసుకునేది నేను. "కుర్చీలో కూర్చోబెట్టి కొలవండి" అని ప్రతి ఒక్కరికీ చెప్పాల్సిందే, అయినా సగంమంది పాత ప్యాంటు కొలతే పంపుతారు.

డబ్బు సంగతి చెప్పాలంటే, మామూలు ప్యాంటుకు పట్టే పనికి ఇది రెట్టింపు. మా ఆయన రెట్టింపు కూలి తీసుకోలేనంటాడు, తీసుకోకపోతే షాపు నడవదని నేనంటాను. ఈ పంచాయితీ తెగలేదు. ఇక చీర. కుచ్చిళ్లు కుట్టేసిన చీర తయారైంది గానీ, కొంగు ఇంకా చక్రంలో పడుతోంది. పొట్టి చేస్తే భుజం నిండడం లేదని అత్తమ్మ ఒప్పుకోవట్లేదు. కుర్చీ చెయ్యికి కొంగును పట్టి ఉంచే క్లిప్పు ఒకటి కుట్టి చూస్తున్నాం.