నైటీ గడప దాటే ముందు

పడుకునే బట్టలతో వీధిలోకి రావచ్చా అన్న వాదన మొదలైతే ఎప్పటికీ తెమలదు. ఆ బట్ట వీధి పనికి పనికొస్తుందా లేదా అన్నది మాత్రం నిమిషంలో తేలిపోతుంది. ఎండ పడే కిటికీ దగ్గర బట్టను ఒక్క పొరగా ఎత్తి పట్టుకుని, వెనకాల నాలుగంగుళాల దూరంలో అరచెయ్యి పెట్టండి. వేళ్లు విడివిడిగా కనిపిస్తే అది ఇంట్లో కట్టుకునే బట్టే. మసక నీడ మాత్రమే కనిపిస్తే పరవాలేదు. గదిలో అద్దం ముందు ఎంతసేపు నిలబడ్డా ఈ సంగతి తెలియదు, ఎందుకంటే అక్కడ వెలుతురు మన ముందు నుంచి పడుతుంది. వీధిలో ఎండ వెనక నుంచీ పక్క నుంచీ వస్తుంది, కాళ్ల మధ్య నుంచి దూసుకొస్తుంది.

నైటీల బట్ట పలుచగా ఉండటం లోపం కాదు. నిద్రలో గాలి ఆడాలని కావాలనే అలాంటి బట్ట తీసుకుంటారు. చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే లెక్కే జీఎస్ఎం. నేత కాటన్‌లో 70 నుంచి 100 జీఎస్ఎం దాకా ఉన్నది నిద్రకు హాయి. లేత రంగైతే 130 దాటితే తప్ప లైనింగ్ లేకుండా బయటికి నమ్మలేం. ముదురు రంగూ ఒత్తైన అచ్చూ ఉంటే 110 కూడా సరిపోవచ్చు. టీషర్టు తరహా అల్లిక బట్టకు ఇంకాస్త బరువు కావాలి, 180 ఉంటే మేలు. కొన్ననాడు కిటికీ పరీక్ష నెగ్గిన బట్ట ఏడాది ఉతికాక నెగ్గకపోవచ్చు. కూర్చునే చోట నూలు ముందుగా అరుగుతుంది కాబట్టి వెనక భాగాన్నే పరీక్షించాలి. చాలామంది తెల్ల బట్ట లోపల తెల్ల స్లిప్పే వేస్తారు. అప్పుడు దాని అంచులు గీత గీసినట్టు బయటికి తెలుస్తాయి. ఒంటి రంగుకు దగ్గరగా ఉన్న స్లిప్ అయితే అసలు కనబడదు.

ఇక కుట్టు సంగతి. నైటీని పడుకున్న మనిషి కోసం కత్తిరిస్తారు. పక్కకు ఒత్తిగిల్లినా లాగకుండా చంక దగ్గర లోతుగా, మెడ దగ్గర వెడల్పుగా వదులుతారు. ఆ వదులే నిలబడి వంగినప్పుడు ఇబ్బంది పెడుతుంది. పైన చున్నీ వేసుకుంటే ఎదురుగా ఉన్నవాళ్లకు అడ్డమేగానీ, చెయ్యెత్తి ఏదైనా అందుకున్నప్పుడు చంకలోంచి కనిపించేదానికి అది అడ్డు కాదు. చంక గుంటను ముప్పావు అంగుళం నుంచి అంగుళం దాకా పైకి తెచ్చి కుట్టిస్తే చున్నీ కంటే ఎక్కువ పని జరుగుతుంది. ముందు గుండీలుంటే వాటి మధ్య దూరం మూడంగుళాలు మించకూడదు. మించితే కూర్చోగానే కాజాల మధ్య బట్ట నోరు తెరుస్తుంది. ఛాతీకి అడ్డంగా అన్నిటికంటే వెడల్పైన చోట సరిగ్గా ఒక గుండీ పడేట్టు చూసి, మిగతావి అక్కడి నుంచి పైకీ కిందికీ లెక్కపెట్టుకోవాలి. చాలా నైటీల్లో మెడ నుంచి కొలవడం మొదలుపెడతారు. ఆ తప్పు అక్కడే జరుగుతుంది.

పొడవు మరీ ముఖ్యం. పాదాలు కప్పేంత పొడవు మంచం మీద బాగుంటుంది. మెట్లెక్కేటప్పుడు అదే అంచు కాలి కింద పడుతుంది, ఎస్కలేటర్ అంచుల్లో చిక్కుతుంది, బండి మీద కూర్చుంటే చక్రం వైపు జారుతుంది. నేల నుంచి కనీసం నాలుగంగుళాలు పైకి ఉండాలి. కింది ఘేరా, అంటే అంచు చుట్టుకొలత, తక్కువైతే అడుగు పడదు, కాబట్టి పక్క కుట్టును మోకాలి కింది దాకా విప్పి చీలిక పెట్టించుకోవడం మంచిది. చీలిక పై కొసన అడ్డంగా గట్టి టాకా వెయ్యకపోతే నెల తిరక్కుండానే అది పైకి చిరుగుతుంది.

పైజామా ప్యాంటుతో వచ్చే చిక్కంతా నడుము దగ్గరే. పడుకునేటప్పుడు పొట్ట నొక్కకూడదని మెత్తటి ఎలాస్టిక్ వేస్తారు. రెండు వందల గ్రాముల దాకా తూగే ఫోనూ తాళాలూ జేబులో పడగానే అది కిందికి జారుతుంది. బయటికి కూడా వేసుకోవాలంటే అంగుళంపావు వెడల్పు ఎలాస్టిక్ తీసుకోండి. పొడవు నడుము కొలత కంటే రెండు మూడంగుళాలు తక్కువ ఉండాలి. మార్చడానికి దర్జీ అక్కర్లేదు. నడుము మడత లోపలి వైపు రెండంగుళాలు కుట్టు విప్పి, పాత ఎలాస్టిక్‌ను అక్కడ కత్తిరించి, ఒక కొసకు కొత్తదాన్ని పిన్నీసుతో గుచ్చి రెండో కొస పట్టి లాగితే పాతది బయటికి వస్తూ కొత్తది లోపలికి పోతుంది. కొసలు రెండూ అంగుళం మేర ఒకదాని మీద ఒకటి పెట్టి చదరంగా కుట్టి, విప్పిన చోటు మూసెయ్యాలి. ఆఖర్న రెండు పక్కల కుట్ల దగ్గరా మడత మీదుగా నిలువుగా ఒక్కో కుట్టు వెయ్యండి. అది లేకపోతే రెండు ఉతుకులకే ఎలాస్టిక్ లోపల మెలి తిరిగి తాడైపోతుంది. బొందు కూడా ఉంచుకోండి. ఎలాస్టిక్ పాడయ్యేది ముఖ్యంగా వేడికే, అందుకే నడుము పట్టీ మీద ఇస్త్రీ పెట్టకూడదు.

జేబుల్లో కూడా తేడా ఉంది. పడక పైజామాకు జేబుంటే దాని సంచి పక్క కుట్టుకు మాత్రమే వేలాడుతుంది. బరువు పడితే తొడ మీద కొట్టుకుంటూ ప్యాంటును ఒక పక్కకు లాగుతుంది. జేబు సంచి పై అంచును నడుము మడతలోకి పట్టించి కుడితే బరువు నడుముకు పోతుంది. బయటి ప్యాంటుకూ పడక పైజామాకూ అసలైన భేదం ఏదంటే నేను ఈ ఒక్క కుట్టునే చూపిస్తాను. మోకాళ్లు ఉబ్బిపోవడం అల్లిక కాటన్‌కు సహజం, సాగిన నూలు తనంతట తాను వెనక్కి రాదు. అందులో నూటికి ఐదు పాళ్లు స్పాండెక్స్, అంటే సాగి మళ్లీ వెనక్కి వచ్చే కృత్రిమ నూలు, కలిస్తే చాలావరకు తగ్గుతుంది.

ఇవన్నీ సరిచేశాక దాన్ని నైటీ అనాలా, గౌను అనాలా? చరిత్ర చూస్తే ఈ పేర్లు ఎప్పుడూ ఒకచోట నిలబడలేదు. పైజామా అంటే పారశీకంలో కాలి తొడుగు, అంతే. హిందుస్థానంలో అది పగలు కట్టుకునే బట్ట. ఇక్కడికొచ్చిన ఇంగ్లీషువాళ్లు విశ్రాంతి వేళ వేసుకుని, పందొమ్మిదో శతాబ్దం చివరికల్లా దాన్ని నిద్ర దుస్తుగా తమ దేశంలో స్థిరపరిచారు. బనియన్ కథ ఇంకా చిత్రం. పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాల ఐరోపాలో ధనవంతులు ఇంట్లో తొడుక్కునే వదులైన పొడుగు అంగీకి, మన బనియా వర్తకుల పేరు మీద, బనియన్ అని పేరు. కోరమాండల్ తీరపు అచ్చు బట్టతోనూ దాన్ని కుట్టించుకునేవారు. అది ఇంటి దుస్తే అయినా అందులో బొమ్మ గీయించుకోవడం గొప్ప. 1666లో లండన్ ఉద్యోగి సామ్యూల్ పీప్స్ తన చిత్రపటం కోసం అలాంటి గౌనును అద్దెకు తెచ్చుకున్నాడు. అదే మాట మన దగ్గర చొక్కా కింద దాగే బట్టకు స్థిరపడింది. టీషర్టు దీనికి తిరుగుదారి. 1913 ప్రాంతంలో అమెరికా నౌకాదళం దాన్ని యూనిఫాం లోపల వేసుకోవడానికి ఇచ్చింది. ఇప్పుడు దాన్ని లోదుస్తు అనేవాళ్లు లేరు. 1960లో ఇటలీలో ఇరీన్ గాలిట్జిన్ సాయంత్రపు విందులకని వెడల్పు కాళ్ల పట్టు ప్యాంట్లు చూపించింది. వాటిని పలాజో పైజామాలన్నారు. ఇవాళ పలాజో అని నిశ్చింతగా వేసుకుంటున్న దాని పేరు వెనక పైజామా దాగుంది.

అయినా నిషేధాలు మాత్రం ఆగలేదు. 2010 వరల్డ్ ఎక్స్‌పో ముందు షాంఘైలో పైజామాలతో బయటికి రావద్దని ప్రచారం నడిపారు. ఇరుకు సందుల్లో వంటగదీ పంపూ పదిమందితో పంచుకుని బతికినవాళ్లకు సందు కూడా ఇంట్లో భాగమే. వాళ్ల లెక్కలో వాళ్లు బయటికే రాలేదు. ఆ ఏడాదే కార్డిఫ్‌లో ఒక సూపర్‌మార్కెట్ పైజామాతో వచ్చినవాళ్లను లోపలికి రానివ్వమని బోర్డు పెట్టింది. 2018లో పశ్చిమగోదావరి జిల్లా తోకలపల్లిలో పగటిపూట నైటీ వేసుకుంటే రెండు వేల జరిమానా, వేసుకున్నవాళ్ల సంగతి చెప్పినవాళ్లకు వెయ్యి బహుమానం అని ఊరి పెద్దలు అన్నారు. 2020లో చైనా ఆన్హుయి రాష్ట్రంలోని సుజౌ నగరంలో అధికారులు పైజామాలతో బయటికి వచ్చిన ఏడుగురి ఫొటోలను పేర్లతో సహా బయటపెట్టి, జనం మండిపడ్డాక క్షమాపణ చెప్పుకున్నారు. వీటిలో ఎక్కడా నైటీ అంటే ఏమిటో కొలతతో చెప్పగలిగినవాళ్లు లేరని నా నమ్మకం. అదే బట్ట, అదే పొడవు, నడుముకు ఒక బెల్టు కుడితే మ్యాక్సీ అవుతుంది. అది తెలిసీ మనిషిని పట్టి జరిమానా వెయ్యడం అన్యాయం, ఆ జరిమానా ఆడవాళ్ల మీదే పడటం మరీ అన్యాయం.

నిద్ర దుస్తులకు ప్రత్యేకంగా చట్టం అవసరమైన చోటు ఒకటుంది, అది నిప్పు. బ్రిటన్ 1985 నిబంధనల ప్రకారం పిల్లల నైటీలు మంట పరీక్ష నెగ్గాలి. అమెరికాలో పిల్లల నిద్ర దుస్తులకు 1970ల నుంచి ఇలాంటి ప్రమాణమే ఉంది. ఒంటికి అంటుకునేలా కుట్టినవాటికి 1996లో మినహాయింపు ఇచ్చారు. కారణం తేలిక. వదులు బట్టకు రెండు వైపులా గాలి ఉంటుంది, మంట కింది నుంచి పైకి క్షణాల్లో పాకుతుంది. నూగు లేచిన మెత్తటి ఫ్లానెల్ ఇంకా తొందరగా అంటుకుంటుంది. కాబట్టి నైటీతో వీధిలోకి పోవడం కంటే వేలాడే చేతులతో పొయ్యి దగ్గర నిలబడటమే ఎక్కువ ప్రమాదం. వంట చేసేటప్పుడు మోచేతి పైకి వచ్చే బిగుతు చేతులుండాలి.

బయట తిరిగిన బట్టతోనే మళ్లీ పక్క ఎక్కడం ఇంకో పొరపాటు. బట్ట మీద చేరిన దుమ్మూ పుప్పొడీ దిండుకు అంటుకుంటాయి. ఉబ్బసం, తుమ్ములు ఉన్నవాళ్లకు రాత్రంతా అదే గాలి. అందుకే జతలు విడదీసి పెట్టుకోవాలి. పైన చెప్పిన మరమ్మతులన్నీ చేసిన రెండు జతలు పగటికి, పలుచటివీ పాతబడ్డవీ అయిన మూడు రాత్రికి. రంగుల్లో తేడా ఉంటే ఇంట్లో ఎవరు మడతపెట్టినా కలిసిపోవు. పగటివి లోపలి వైపు బయటికి తిప్పి, చన్నీళ్లలో ఉతికి, నీడలో ఆరేస్తే రంగూ ఎలాస్టిక్కూ ఎక్కువ కాలం నిలుస్తాయి. ఆరు నెలలకోసారి మళ్లీ కిటికీ దగ్గర ఎత్తి పట్టి చూసి, వేళ్లు కనిపించిన జతను రాత్రి వరసలోకి మార్చెయ్యండి.