స్టాఫ్ ఇంజనీర్ పదోన్నతి: నా అనుభవం

అమెరికాలోని ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ సంస్థలో సీనియర్ ఇంజనీర్ నుంచి దానిపై మెట్టయిన స్టాఫ్ ఇంజనీర్ హోదాకు చేరేలోపు సాంకేతికంగా నేను కొత్తగా నేర్చుకున్నది తక్కువే. ఆ నిర్ణయం ఎక్కడ, ఎవరి సమక్షంలో, ఏ కాగితాల ఆధారంగా జరుగుతుందో తెలుసుకోవడానికే ఎక్కువ కాలం పట్టింది. ఇదే దశలో ఉన్న తెలుగు ఆడపిల్లలు తరచుగా అడుగుతున్నారు కనుక జరిగిన క్రమాన్ని వివరంగా రాస్తున్నాను.

ప్రతి సమీక్షలోనూ మా మేనేజరు, నా పని బాగుందనీ, అయితే నేను ఇంకా నలుగురి దృష్టిలో పడాలనీ చెప్పేవారు. ఎవరి దృష్టిలో, ఏ పనితో అన్నది ఆయన చెప్పేవారు కాదు. మరోవైపు సమావేశాల నోట్స్ రాయడం, కొత్తగా చేరినవారికి పని నేర్పడం, చివరికి ఆఫీసులో దీపావళి విందు ఏర్పాట్లు కూడా నా పాలిటే పడేవి. వీటిలో ఏదీ హోదాల అర్హత పత్రంలో కనిపించదు. మా విభాగంలో తెలుగువారికి కొదవ లేదు గానీ, శనివారం క్రికెట్ మైదానంలోనూ, ఆపైన మగవాళ్ల వాట్సాప్ గ్రూపులోనూ తిరిగే కబురు మా దాకా వచ్చేసరికి మంచి ప్రాజెక్టు ఎవరో ఒకరి చేతికి వెళ్లిపోయి ఉండేది.

స్త్రీల ఉద్యోగ పురోగతి కోసం పనిచేసే లీన్ ఇన్, సలహా సంస్థ మెకిన్సీ కలిసి ఏటా వెలువరించే నివేదిక ప్రకారం 2024లో తొలిసారి మేనేజర్లుగా పదోన్నతి పొందిన ప్రతి 100 మంది పురుషులకు స్త్రీలు 81 మందే ఉన్నారు. నల్లజాతి స్త్రీలను విడిగా లెక్కిస్తే 54, లాటినాలు (లాటిన్ అమెరికా మూలాలున్న స్త్రీలు) 65, ఆసియా స్త్రీలు 99. ఈ చివరి అంకె చూసి మనకు ఇబ్బంది లేదనుకోవడం తేలిక. అయితే అదే నివేదికలో అత్యున్నత పదవుల దగ్గరకు వచ్చేసరికి శ్వేతజాతేతర స్త్రీలందరూ కలిసి 7 శాతమే. మనకు తలుపు మూసుకునేది మొదటి మెట్టు దగ్గర కాదు, పై మెట్ల దగ్గర.

సంస్థ నడిపే మెంటరింగ్ కార్యక్రమానికి దరఖాస్తు చేసుకుంటే, వేరే విభాగంలో డైరెక్టరుగా ఉన్న ఒక నల్లజాతి మహిళను నాకు మెంటరుగా కేటాయించారు. ఆమె నా నైపుణ్యాల గురించి అడగనే లేదు. పదోన్నతులు తేల్చే కాలిబ్రేషన్ సమావేశంలో ఎవరెవరు కూర్చుంటారో కనుక్కుని, ఒక ఎక్సెల్ షీటు తయారు చేయమన్నారు. మొదటి నిలువు వరుసలో వారి పేర్లు, రెండవ దానిలో నా పనిలో వారు స్వయంగా చూసినది, మూడవ దానిలో నా తరఫున మాట్లాడగలరా లేదా అన్నది. పేర్లు మేనేజరును అడిగితే వెంటనే ఇచ్చారు. అందులో రహస్యమేమీ లేదట. షీటు నింపేసరికి రెండవ నిలువు వరుసలో మేనేజరు పేరుకు ఎదురుగా తప్ప దాదాపు అంతా ఖాళీ.

తరువాత పదోన్నతి కోసం నేను రాసుకున్న పత్రాన్ని మెంటరు చదివారు. చెల్లింపుల వ్యవస్థను కొత్త డేటాబేస్‌కు మార్చడంలో తోడ్పడ్డానని నేను రాసిన వాక్యం దగ్గర ఆగి, ఆ పద్ధతి ఎవరు రూపొందించారు, అభ్యంతరం చెప్పిన బృందాలను ఎవరు ఒప్పించారు, తేడా వస్తే పాత వ్యవస్థకు వెనక్కి మళ్లే ఏర్పాటు ఎవరిది అని వరుసగా అడిగారు. మూడింటికీ జవాబు నేనే. ఆ మూడు జవాబులనే మూడు వాక్యాలుగా రాయించి, పాత వాక్యాన్ని తీసేయించారు.

ఇంత జరుగుతున్నా నన్ను వెనక్కి లాగినది హెచ్-1బి, అంటే సంస్థ ద్వారా వచ్చే తాత్కాలిక ఉద్యోగ వీసా. గ్రీన్‌కార్డుకు తొలి మెట్టుగా సంస్థ కార్మిక శాఖకు పెట్టే పెర్మ్ దరఖాస్తులో చూపిన ఉద్యోగానికీ, పదోన్నతి తరువాత చేసే పనికీ పొంతన లేకపోతే గ్రీన్‌కార్డు ప్రక్రియ మొదటికి వస్తుందని తోటివారు భయపెట్టేవారు. గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి ఏటా 7 శాతం పరిమితి వల్ల భారతీయుల వరుస ఏళ్ల తరబడి సాగుతుంది కనుక ఆ భయం వట్టిది కాదు. అయితే సంస్థ తరఫు న్యాయవాదిని సూటిగా అడిగినప్పుడు, నా ఐ-140 (పెర్మ్ తరువాత సంస్థ వేసే గ్రీన్‌కార్డు పిటిషన్) అప్పటికే ఆమోదం పొందినందువల్ల పెర్మ్ మళ్లీ వేయవలసి వచ్చినా పాత ప్రయారిటీ డేటు (వరుసలో నా స్థానాన్ని తేల్చే తేదీ) నిలుస్తుందనీ, ఇంజనీరుగానే కొనసాగే నా విషయంలో ఆ అవసరం కూడా రాకపోవచ్చనీ చెప్పారు. ఎవరి కేసు వారిదే కాబట్టి ఈ ప్రశ్న స్నేహితులను కాక న్యాయవాదినే అడగాలి.

మోర్గాన్ స్టాన్లీ బ్యాంకుకు చెందిన కార్లా హారిస్ 2018 నాటి టెడ్ ప్రసంగంలో మెంటరుకూ స్పాన్సరుకూ ఉన్న తేడాను వివరించారు: మెంటరు మన మంచిచెడ్డలు విని సలహా ఇస్తారు, స్పాన్సరు మనం లేని గదిలో తన పలుకుబడి ఖర్చుపెట్టి మన తరఫున మాట్లాడతారు. మా మెంటరుకు ఆ గదిలో కుర్చీ లేదు. అందుకని, అక్కడ కూర్చునే ఒక సీనియర్ డైరెక్టరు నడిపే ఆర్కిటెక్చర్ సమీక్షలో (పెద్ద సాంకేతిక మార్పుల రూపకల్పనను పరిశీలించే సమావేశంలో) డేటాబేస్ మార్పు గురించి నేనే వివరించే అవకాశం ఇప్పించారు. ఆయన శ్వేతజాతీయుడు, నాతో ముఖపరిచయం కూడా లేనివాడు. ఆయన వేసిన ప్రశ్నలు కఠినమైనవి. ఆ తరువాత రెండు విభాగాలను కలిపే పనిని నాకు అప్పగించారు. జిరాక్స్‌లో 1980లో ఇంటర్న్‌గా చేరి 2009లో సీఈఓ అయిన నల్లజాతి మహిళ అర్సులా బర్న్స్‌ను పైకి తెచ్చిన పెద్దలు కూడా ఆమె జాతివారు కాదు. మనవాళ్లు పైన లేనంత కాలం మనవాళ్ల కోసమే ఎదురుచూడటంలో అర్థం లేదని నా అభిప్రాయం.

తరువాతి కాలిబ్రేషన్‌లో మేనేజరు ప్రతిపాదించగా ఆ డైరెక్టరు బలపరిచారు, పదోన్నతి వచ్చింది. లేఖ మీద సంతకం చేసే ముందు మెంటరుకు చూపించాను. జీతం పెంపు ముందే ఖరారై ఉంటుందనీ, స్టాక్ (సంస్థ ఇచ్చే షేర్లు) మాత్రం అడిగితే మారే వీలుందనీ ఆమె చెప్పారు. అడిగాను, పెంచారు. సమావేశాల నోట్స్ రాయడం కూడా ఇప్పుడు బృందంలో అందరికీ వంతులవారీగా వస్తోంది.