ఈడిపస్ చదివాకే అరిస్టాటిల్ అర్థమయ్యాడు

యూజీసీ నెట్ ఇంగ్లిష్‌కి ప్రిపేరవుతున్న మిత్రులందరికీ నమస్కారం. గ్రీక్ ట్రాజెడీ దగ్గర నేను పడ్డ తిప్పలు మీరు పడకూడదనే ఇది రాస్తున్నాను.

మొదటి అటెంప్ట్‌కి ముందు నోట్‌బుక్‌లో నిలువు గీత గీసి, ట్రాజెడీ గురించి గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ వాడిన మాటల్ని ఎడమవైపు, వాటి అర్థాల్ని కుడివైపు రాసుకున్నాను. హమార్షియా అంటే పాత్రలోని లోపం. పెరిపెటియా అంటే తారుమారు. అనగ్నోరిసిస్ అంటే గుర్తుపట్టడం. కథార్సిస్ అంటే ప్రక్షాళన. నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. తీరా పరీక్షలో రెండు వాక్యాలిచ్చి, రెండోది మొదటిదానికి సరైన వివరణేనా అని అడిగేసరికి మౌస్ మీద చెయ్యి ఆగిపోయింది. పదాలన్నీ తెలుసు. అవి ఒకదానికొకటి ఏమవుతాయో తెలియదు.

రెండోసారి గైడ్లు పక్కనపెట్టి సోఫోక్లిస్ 'ఈడిపస్ రెక్స్' తీశాను. మొత్తం 1,530 పంక్తులు, ఒక మధ్యాహ్నం పట్టింది. తన 'పొయెటిక్స్' గ్రంథంలో అరిస్టాటిల్ పదేపదే ఉదాహరణకి తెచ్చేది ఈ నాటకాన్నే.

ముఖ్యంగా 924వ పంక్తి దగ్గర ఆగండి. థీబ్స్‌ని ఏలుతున్న ఈడిపస్ దగ్గరికి, అతను పెరిగిన కోరింత్ నుంచి ఒక ముసలి దూత వస్తాడు. నీ తండ్రి, రాజు పోలిబస్ పోయాడు, ఇక ఆ రాజ్యం నీదే అంటాడు. తండ్రిని చంపి తల్లిని పెళ్లాడతావన్న జోస్యానికి భయపడే ఈడిపస్ కోరింత్ వదిలి వచ్చాడు కాబట్టి గుండెల మీద బరువు దిగినట్టయింది. అయినా తల్లి ఇంకా బతికే ఉందిగా అని బెంగ. ఆ బెంగ కూడా తీరుద్దామని దూత అసలు సంగతి చెప్పేస్తాడు: వాళ్లు నీ కన్నవాళ్లు కారు, కిథైరాన్ కొండ మీద లేయస్ ఇంటి పశువుల కాపరి నిన్ను నా చేతుల్లో పెట్టాడు, అప్పుడు నీ చీలమండలకు చిల్లులు పొడిచి ఉన్నాయి. మంచి కబురు తెచ్చినవాడి మాటతోనే కొంప మునిగింది. పెరిపెటియాకి అరిస్టాటిల్ చూపించింది సరిగ్గా ఈ ఘట్టాన్నే. నా కుడివైపు గడిలో 'తారుమారు' అని మాత్రమే ఉంది. భయం పోగొట్టాలని చేసిన పనే ఆ భయాన్ని నిజం చేయడమన్న కిటుకు అందులో లేదు.

ఇక్కడే ఇంకొకటి గమనించండి. తాను ఒకప్పుడు చంపిన థీబ్స్ పాత రాజు లేయసే ఈడిపస్ కన్నతండ్రి అన్న నిజం ముందు అర్థమయ్యేది ఈడిపస్‌కి కాదు, అతని భార్య, నిజానికి కన్నతల్లి అయిన యొకాస్టాకి. ఇక అడగొద్దని బతిమాలుతుంది, నువ్వెవరివో నీకెప్పటికీ తెలియకుండా ఉండాలని కోరుకుంటూ లోపలికి వెళ్లిపోతుంది. ఈడిపస్ ఆగడు. తీగ లాగి డొంకంతా కదిలించి, కాపరి నోట చెప్పించుకునేదాకా వదలడు. అనగ్నోరిసిస్ పెరిపెటియాతో కలిసి వస్తేనే గొప్పదని అరిస్టాటిల్ ఎందుకన్నాడో నాకు ఆ పేజీల్లోనే తెలిసింది.

హమార్షియాని 'లోపం' అని రాసుకున్నవాళ్లు దయచేసి కొట్టేయండి. ఆ మాటకి మూలం గురి తప్పడం. పొరపాటు అనుకుంటే దగ్గరగా ఉంటుంది. ఈడిపస్‌కి కోపం ఎక్కువే, గుడ్డి జోస్యుడు టైరీసియస్‌తో మాట్లాడిన తీరు చూస్తే తెలుస్తుంది. కానీ మూడు దారులు కలిసేచోట తాను చంపింది తండ్రినని తెలియకపోవడం కోపం వల్ల కాదు. దుర్మార్గుడు పడిపోతే మనకు జాలి కలగదు. అంత శిక్షకి తగనివాడు పడితే జాలి, మనలాంటివాడు పడితే భయం. కథార్సిస్ ఈ రెండింటి మీదే నిలబడింది. ఆ మాటను నిర్వచనంలో వాడిన అరిస్టాటిల్ వివరించలేదు కాబట్టే విరేచనమా, శుద్ధా, స్పష్టతా అని పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. ఆప్షన్లలో ఈ మూడూ కనిపిస్తే కంగారు పడకండి, ప్రశ్న ఎవరి అభిప్రాయం అడుగుతోందో చూడండి.

మన తెలుగు మాట 'విషాదాంతం' కూడా నన్ను తప్పుదారి పట్టించింది. ముగింపు ఏడుపుతోనే ఉండాలనుకున్నాను. కానీ ఈస్కిలస్ 'ఒరెస్టియా' మూడో నాటకంలో, తల్లిని చంపిన ఒరెస్టిస్ నిర్దోషిగా బయటపడతాడు, వెంటాడిన ప్రతీకార దేవతలు ఏథెన్స్‌ని దీవించేవాళ్లవుతారు. అదీ ట్రాజెడీయే.

అరిస్టాటిల్ చెప్పిన ట్రాజెడీ ఆరు అంగాలు మాత్రం వరుసలోనే గుర్తుపెట్టుకోవాలి: కథాసంవిధానం, పాత్ర, ఆలోచన, భాష, పాట, దృశ్యం. మొదటిది ట్రాజెడీకి ఆత్మ, చివరిది కవి కళకి అన్నిటికన్నా దూరం. వేదిక మీదకి రెండో నటుణ్ని తెచ్చింది ఈస్కిలస్, మూడో నటుణ్ని సోఫోక్లిస్. నాటకంలో పాటలు పాడే బృందమైన కోరస్‌ని 12 నుంచి 15 మందికి పెంచిందీ సోఫోక్లిసే అంటారు. నాటకాల తేదీల్లో ఈస్కిలస్ 'పర్షియన్స్' క్రీ.పూ. 472, 'ఒరెస్టియా' 458, యూరిపిడిస్ 'మెడియా' 431 వస్తే చాలావరకు సరిపోతుంది. కథ, కాలం, స్థలం ఒక్కటిగా ఉండాలన్న మూడు ఐక్యతలు అరిస్టాటిల్‌వే అని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆయన పట్టుబట్టింది కథ ఒక్కటిగా ఉండాలని. కాలం గురించి ఒక్క మాట అన్నాడు, స్థలం ఊసే లేదు. మూడింటినీ నియమాలుగా బిగించింది 1570లో ఇటలీ విమర్శకుడు కాస్టెల్వెట్రో.

కోరస్ పాటల్ని నేను మొదట దాటేశాను. మీరు దాటేయకండి, వీలైతే బయటికి చదవండి. మా రీడింగ్ రూమ్ మేడ మీద, సాయంత్రం ఎవరూ లేనప్పుడు, థీబ్స్ పెద్దల చివరి పాట పైకి చదివాను: చావు గడప దాటేదాకా ఏ మనిషినీ సుఖపడ్డాడని అనొద్దంటారు వాళ్లు. గొంతు పూడుకుపోయి కాసేపు చదవలేకపోయాను. జాలి, భయం అని బట్టీ పట్టిన రెండు మాటలూ ఆ సాయంత్రమే మొదటిసారి నాకు తగిలాయి.