స్ట్రాప్ మార్చినా 0.11 వోల్టులు మిగిలాయి

మా చిన్న విమానంలో కరెంట్ లోడ్ వేయగానే ఆయిల్ గేజ్‌లు తప్పు చూపిస్తున్నాయి. ఇంజిన్‌ని ఫైర్‌వాల్‌కి (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య లోహపు గోడ) కలిపే కొత్త గ్రౌండ్ స్ట్రాప్ బిగించి, ఇక పీడ వదిలిందనుకుని శనివారం ఎగిరితే, ఆ రెంటి మధ్య మీటర్ మీద ఇంకా 0.11 వోల్టులు. ఒళ్ళు మండింది. అయినా మునుపటి 0.31 కంటే నయమే. జబ్బు సెన్సర్లలోనూ డిస్‌ప్లేలోనూ లేదని ఖాయమైంది.

మా విమానం రెండు సీట్ల ఆర్‌వీ-9ఏ, ఓ-320 ఇంజిన్, 14 వోల్టుల సిస్టమ్. క్రూజ్‌లో ల్యాండింగ్ లైట్లు, పిటో హీట్ (వేగం కొలిచే గొట్టాన్ని వేడి చేసే హీటర్) వేయగానే ఆయిల్ టెంపరేచర్ 188 ఫారన్‌హీట్ నుంచి 216కి ఎగబాకుతుంది, ప్రెషర్ 72 నుంచి 52 పీఎస్ఐకి జారుతుంది. ఈ రెండూ కలిసొస్తే ఏ పైలటైనా కింద ఖాళీ పొలం వెతుక్కుంటాడు. మొదటిసారి పక్క సీట్లో ఉన్న అన్న "ఆయిల్ పోతోందిరా, దించెయ్" అన్నాడు. దించాను. ఇప్పుడు మళ్ళీ కొత్తగా వచ్చినా ముందు దించడమే. కౌలింగ్ తీస్తే ఎక్కడా తడి లేదు, డిప్‌స్టిక్ మీద ఆయిల్ ఉన్నంతా ఉంది.

అనుమానం అక్కడే మొదలైంది. ఇంజిన్‌లోని ఆయిలంతా ఒక్క సెకనులో 28 డిగ్రీలు ఎలా వేడెక్కుతుంది? పైగా స్విచ్ ఆపగానే ఎలా చల్లబడుతుంది? తర్వాతి ఫ్లైట్‌లో కదలని గేజ్‌ల మీద కన్నేశాను. సీహెచ్‌టీ (సిలిండర్ హెడ్ వేడి), ఈజీటీ (ఎగ్జాస్ట్ వేడి) థర్మోకపుల్స్ కదల్లేదు. మూడు వైర్ల ఫ్యూయల్ ప్రెషర్ సెన్సర్ కదల్లేదు. రెక్కలో గ్రౌండైన ట్యాంక్ ఫ్లోట్లూ కదల్లేదు. కదిలినవి రెండే, మర ద్వారా ఇంజిన్ బ్లాక్‌కే గ్రౌండైన ఒంటి వైరు సెండర్లు (ఆయిల్ వేడి, ప్రెషర్ కొలిచేవి). బ్లాక్‌కీ ఫైర్‌వాల్‌కీ మధ్య వోల్టేజ్ తేడా వస్తే అవి చూపించే అంకె కూడా జరుగుతుంది.

దీనికి తిరుగులేని పరీక్ష గాల్లోనే ఉంది. పగలు, ఎయిర్‌పోర్ట్ నెత్తిన 4,500 అడుగుల్లో లోడ్లన్నీ ఆపి, ఆల్టర్నేటర్ ఫీల్డ్ ఆపి (అంటే ఆల్టర్నేటర్ కరెంట్ ఇవ్వకుండా చేసి), లోడ్లు మళ్ళీ వేశాను. 188, 72. తొణకలేదు. బ్యాటరీ నెగటివ్ ఫైర్‌వాల్ మీదే ఉంది కాబట్టి ఆ కరెంట్ స్ట్రాప్ దాటక్కర్లేదు. ఆల్టర్నేటర్ ఇచ్చే కరెంట్ మాత్రం ఇంజిన్‌కి తిరిగి రావాలంటే స్ట్రాప్ మీదుగానే రావాలి. రెండు నిమిషాలు చాలు, బ్యాటరీని పీల్చెయ్యకండి. విమానం ఒరుగు, ముక్కు ఎత్తు (యాటిట్యూడ్) చూపే గార్మిన్ జీ5కి సొంత బ్యాటరీ ఉంది, నాలుగు గంటల దాకా వస్తుందంటారు, కాబట్టి యాటిట్యూడ్ గురించి బెంగ లేదు. బ్యాకప్‌గా దాన్ని మించింది నాకు కనబడలేదు.

ఇక కొలతలు. బ్లాక్ నుంచి సన్న వైరు, బ్లాక్ దగ్గరే 1 ఆంప్ ఫ్యూజ్ పెట్టి, గ్రోమెట్ గుండా క్యాబిన్‌లోకి తెచ్చాను. మీటర్ అన్న చేతిలో, కళ్ళు నావి బయటికి. ఫ్లూక్ 87 మల్టీమీటర్‌లో కనిష్ఠ, గరిష్ఠ రీడింగ్‌లు పట్టే మిన్-మ్యాక్స్ బటన్ ఇలాంటి పనికే పుట్టింది. చవక మీటర్లు ఆల్టర్నేటర్ రొదకి పూనకం వచ్చినట్టు ఊగిపోతాయి. ఐడిల్‌లో 0.02 వోల్టులు. 2,400 ఆర్‌పీఎంలో, 19 ఆంపుల దగ్గర, 0.31. అంటే దాదాపు 16 మిల్లీఓములు. నేల మీద ఫుల్ థ్రాటిల్ ఇచ్చినా 2,200 దాటదు, అందుకే హ్యాంగర్ దగ్గర ఎప్పుడూ బయటపడలేదు. విప్పిన స్ట్రాప్‌ని ఓమ్ రేంజ్‌లో కొలిచి లాభం లేదు. 10 ఆంపులు పంపి డ్రాప్ చూస్తే కదపనప్పుడు బాగానే ఉంది, లగ్ (చివర బోల్ట్ కింద పెట్టే లోహపు కొస) వంచితే ఎగిరింది. క్రింప్ (లగ్‌ని నొక్కి బిగించిన చోటు) లోపల పోగులు తెగి నల్లబడ్డాయి.

మరి మిగిలిన 0.11, అంటే 6 మిల్లీఓములు ఎక్కడ? నా మొదటి అనుమానం క్రాంక్‌కేస్ మీద, లగ్ కింద మిగిలిన బూడిదరంగు పెయింట్. రెండోది ఫైర్‌వాల్ ఇత్తడి బోల్ట్, అక్కడి లాక్ వాషర్ బిగువు నాకు నచ్చలేదు. రెండో స్ట్రాప్ వేసెయ్యమని హ్యాంగర్లో సలహా ఇచ్చారు. నేను వెయ్యను. రోగం పోకుండా లక్షణం కప్పేసినట్టవుతుంది.



వచ్చే ఫ్లైట్‌కి ఇంకో రెండు వైర్లు, రెండు లగ్‌ల మీద ఒక్కోటి, రోటరీ స్విచ్ పెట్టి డ్రాప్‌ని మూడు ముక్కలుగా కొలుస్తా. ఆ తర్వాత ఆయిల్ ప్రెషర్ సెండర్‌ని ఇంజిన్ మీంచి తీసేసి, ఫైర్‌వాల్ మీద మూడు వైర్ల కావ్లికో ప్రెషర్ సెన్సర్ పెట్టాలని ఉంది. వైబ్రేషన్‌లో అంత బరువున్న సెండర్‌ని వేలాడదీయడం నాకెప్పుడూ నచ్చలేదు. హోస్ ఎంత పొడవు కావాలో ఇంకా కొలవాలి.