టేపుకి ఎక్కించిన బ్యాకప్ తిరిగి చేతికి రావాలంటే: నా అనుభవం

మూడు ఆర్కైవ్‌లు రాస్తే టేపులో ఒక్కటే మిగిలింది. మూడుసార్లూ టార్ (ఫైళ్లన్నిటినీ ఒకే ఆర్కైవ్‌గా కట్టే ప్రోగ్రాం) ఏ ఎర్రరూ చూపించకుండా పని ముగించింది. సర్వర్ బ్యాకప్‌లను ఎల్‌టీఓ-6 రకం టేపు డ్రైవ్‌కి ఎక్కించడంలో నాకు ఎదురైన మొదటి చిక్కు ఇదే. కారణం డివైస్ పేరులో ఉంది. లైనక్స్‌లో ఒకే డ్రైవ్‌కి రెండు రకాల పేర్లుంటాయి. ఎస్‌టీ0 అని ఇస్తే పని అయిన వెంటనే టేపు వెనక్కి చుట్టుకుని మొదటికొస్తుంది, తర్వాతి ఆర్కైవ్ పాతదాని నెత్తిన పడుతుంది. ఎన్‌ఎస్‌టీ0 అని ఇస్తే ఆగిన చోటే ఉంటుంది. పైగా టేపు మీద ఎక్కడ రాస్తే అక్కడితో డేటా ముగిసినట్టే లెక్క, దాని తర్వాత ఏమున్నా డ్రైవ్ ఇక చదవదు. అందుకే కొత్తది చేర్చే ముందు టేపుని ముందుకీ వెనక్కీ నడిపే ఎంటీ కమాండ్‌తో ఈఓడీ (డేటా చివరికి వెళ్లమని) ఇచ్చి, స్టేటస్‌లో ఫైల్ నంబరు చూసుకుంటాను, దాని లెక్క 0 నుంచి మొదలవుతుంది. రెండు ఆర్కైవ్‌లున్న టేపుకి అది 2 ఉండాలి. 0 చూపిస్తే మొదట్లోనే ఉన్నట్టు, అప్పుడు రాయకూడదు.

తర్వాతి ఇబ్బంది వేగంతో. ఎల్‌టీఓ-6 సెకనుకి 160 ఎంబీ దాకా రాస్తుంది. డేటా నెమ్మదిగా వస్తే డ్రైవ్ కొంత వేగం తగ్గించుకుంటుంది గానీ దానికీ హద్దుంది. అంతకన్నా తగ్గితే టేపు ఆగి, కాస్త వెనక్కెళ్లి, మళ్లీ పరుగందుకోవాలి. పక్కన నిలబడి వింటే తెలిసిపోతుంది: ఒకే తీరుగా సాగే రొద తెగిపోయి, ఆగడం, వెనక్కి తిరగడం, మళ్లీ కదలడం వినిపిస్తాయి. టైం పోవడం ఒకెత్తు, టేపూ హెడ్డూ అరగడం మరొకెత్తు. లక్షల చిన్న ఫైళ్లున్న డైరెక్టరీని నేరుగా టేపుకి పంపితే ఇదే జరుగుతుంది. మధ్యలో డేటాని కుదించే జీజిప్ పెడితే ఇంకా మందగిస్తుంది, అది ఒక్క కోర్ మీదే నడుస్తుంది కాబట్టి.

అందుకని ఆర్కైవ్‌ని ముందు వేగమైన డిస్కు మీద తయారుచేసి, డేటాని మెమరీలో పోగేసి ఆగకుండా పంపే ఎంబఫర్ గుండా టేపుకి పంపాను. బఫర్ 4 జీబీ, 90 శాతం నిండాకే రాయడం మొదలు, బ్లాక్ (టేపు మీద ఒక్కసారిగా రాసే ముక్క) 256 కేబీ. దాంతో రొద తెగడం ఆగిపోయింది. ఒకసారి కంప్రెస్ చేసినదాన్ని డ్రైవ్ మళ్లీ కుదించలేదు, కాబట్టి కాట్రిడ్జ్ పెట్టె మీద డ్రైవ్ కుదిస్తుందన్న లెక్కతో 6.25 టీబీ అని ఉన్నా 2.5 టీబీకే లెక్క వేసుకోవాలి.

అసలు చిక్కు చదివేటప్పుడు వచ్చింది. టార్‌తో ఆర్కైవ్‌లోని ఫైళ్ల జాబితా అడిగితే మెమరీ కేటాయించలేకపోయానంది. ర్యామ్ నిండుగా ఖాళీ ఉంది. ఈ ఎర్రర్ చూసి ర్యామ్ వెంట పడితే రోజంతా పోతుంది. టేపు మీదున్న ఒక బ్లాక్, చదవడానికి ఇచ్చిన బఫర్ కన్నా పెద్దదైతే టేపు డ్రైవర్ తిప్పికొట్టే ఎర్రర్ అది. టార్ మామూలుగా 10 కేబీ చొప్పున చదువుతుంది, ఎంబఫర్ రాసినవేమో 256 కేబీ బ్లాకులు. మధ్యలో ఎంబఫర్ ఉంటే టార్‌కి ఇచ్చిన బ్లాక్ సైజుకి విలువ లేదు, చివర్లో టేపుని ముట్టుకునే ప్రోగ్రాం ఇచ్చినదే టేపు మీద పడుతుంది. టార్‌కి మైనస్ బీ 512 ఇస్తే 512 బైట్ల ముక్కలు 512, అంటే సరిగ్గా 256 కేబీ, చదవడం మొదలైంది. బ్లాక్ సైజు తెలియని టేపు దొరికితే ఎంటీలో సెట్‌బ్లాక్ 0 (ఏ సైజు బ్లాకైనా సరేనని) పెట్టి, డేటాని ఉన్నదున్నట్టు కాపీ చేసే డీడీతో బీఎస్ 1 ఎంబీ, కౌంట్ 1 ఇచ్చి ఒక్క బ్లాక్ చదవాలి. బయటికొచ్చిన ఫైల్ ఎన్ని బైట్లుంటే బ్లాక్ సైజు అంత. తర్వాత రివైండ్ చేయడం మరవద్దు.

మొదటి ఆర్కైవ్ చదివాక రెండోది ఖాళీగా కనిపిస్తే కంగారు అక్కర్లేదు. టార్ తన ఆర్కైవ్ ముగింపు చూసి, దాని చివర ఉండే ఫైల్‌మార్క్ అనే గుర్తు దాటకుండానే ఆగి ఉంటుంది. ఎంటీలో ఏఎస్‌ఎఫ్ 1 ఇస్తే మొదటి నుంచి లెక్కపెట్టి రెండో ఆర్కైవ్ దగ్గర నిలబెడుతుంది.

ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్ వస్తే ముందు కెర్నల్ సందేశాలు చూపే డీమెసేజ్, ఆ తర్వాత టేప్‌ఇన్ఫో కమాండ్‌లో టేప్‌అలర్ట్ (డ్రైవ్ ఇచ్చే హెచ్చరికలు) చూడాలి. క్లీనింగ్ కావాలని అడిగినప్పుడే క్లీనింగ్ కాట్రిడ్జ్ పెట్టాలి, ఊరికే పెడితే హెడ్డు అరుగుతుంది. ఒకే కాట్రిడ్జ్ రెండు డ్రైవ్‌లలోనూ మొరాయిస్తే దాన్ని పక్కన పెట్టేయాలి. వేర్వేరు కాట్రిడ్జ్‌లు ఒకే డ్రైవ్‌లో మొరాయిస్తే కేబుల్‌నీ డ్రైవ్‌నీ అనుమానించాలి.

రాసే ముందు ఆర్కైవ్‌కి షా256 (ఫైల్‌కి వేలిముద్ర లాంటి చెక్‌సమ్) తీసి ఉంచి, టేపు నుంచి అదే బ్లాక్ సైజుతో చదివి పోల్చాకే డిస్కు మీది కాపీ తీసేస్తాను. కాట్రిడ్జ్ లేబుల్ మీద తేదీ, ఆర్కైవ్‌ల సంఖ్య, వాటి పక్కన "బ్లాక్ 256 కేబీ" అని రాస్తాను.