అమ్మ మందుల బిల్లు తగ్గించుకోడానికి నేను పడ్డ పాట్లు

ఈ నెల అమ్మ మందులకి వెయ్యి రూపాయలు కూడా కాలేదు. ఇంతకు ముందు మూడు వేలకి రవ్వంత తక్కువ అయ్యేది. డబ్బు మిగిలిందని సంతోషమే గానీ దానికోసం నిలబడిన ఒక కౌంటర్ గుర్తొస్తే ఇంకా ఒళ్లు మండతా ఉంది, ఆ మంట చల్లారకముందే రాసేస్తున్నా.

మాది కావలి. అమ్మకి షుగరు, బీపీ, కొలెస్ట్రాల్. నెల్లూరు పొగతోటలో ఒక డాక్టరు దగ్గర చూపిస్తాం, పేరు వద్దులే. ఆసుపత్రి మెట్ల కిందే వాళ్ల మెడికల్ షాపు. ఆయన రాసే కంపెనీలు ఆ షాపులో తప్ప కావలిలో గానీ ఒంగోలులో గానీ యాడా దొరకవు. నేను రొయ్యల మేత డీలర్ దగ్గర లెక్కలు రాస్తా, డబ్బా మీద రేటుకీ డీలర్‌కి పడే రేటుకీ ఎంత తేడా ఉంటుందో నిద్రలో లేపి అడిగినా చెప్తా, నాకే టోపీ పెడితే ఊరుకుంటానా? బిళ్లల షీటు వెనక సన్నక్షరాల్లో ఉండే అసలు మందు పేర్లన్నీ ఒక సాయంత్రం కూర్చుని కాగితం మీద రాసుకున్నా. అన్నిటికంటే ఖరీదు ఏంది అనుకున్నారు? షుగరు బిళ్ల కాదు, బీపీది కాదు, విటమిన్ గోళీ!

డాక్టరు గారిని "సార్, మందు పేరు రాసివ్వండి, కంపెనీ పేరు వద్దు" అని అడిగితే నవ్వి "నెక్స్ట్" అన్నాడు. ఆయన్ని ఏమీ అనలేం కూడా, 2023 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్ జనరిక్ పేర్లే, అంటే అసలు మందు పేర్లే రాయాలని రూల్ తెచ్చింది, డాక్టర్లు గోల చేస్తే అదే నెలలో పక్కన పెట్టేసింది. చీటీలో కంపెనీ పేరు ఉంటే షాపాయన తనంతట తాను వేరే కంపెనీది మార్చి ఇవ్వకూడదు, అది చట్టం. అంటే తాళం డాక్టరు చేతిలో ఉంది. ఆసుపత్రి షాపులోనే కొనమని బలవంతం చేస్తున్నారని సుప్రీంకోర్టుకి పోతే, 2025 మార్చిలో కోర్టు అది రాష్ట్ర ప్రభుత్వాలే చూసుకోవాలని తేల్చేసింది. మన రాష్ట్రం ఏం చేస్తుందా అని నేనూ చూస్తానే ఉండా.

రాష్ట్రం చేతిలో ఏముందో కొంచెం చెప్తా, చాలా మంది దీని మీద పొరపాటు పడతారు. మందుల గరిష్ఠ ధర పెట్టేది రాష్ట్రం కాదు, ఢిల్లీలో ఎన్‌పీపీఏ అని మందుల ధరలు చూసే కేంద్ర సంస్థ ఉంది, 2013 మందుల ధరల ఆర్డర్ ప్రకారం అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నవాటికి అది సీలింగ్ పెడుతుంది. జాబితాలో లేనివాటికి కంపెనీ ఏడాదికి 10 శాతం దాకా పెంచుకోవచ్చు. అందుకే విడి బిళ్లకి సీలింగ్ ఉంటుంది గానీ రెండు మూడు మందులు కలిపిన బిళ్ల చాలాసార్లు దానికి దొరకదు, మా అమ్మకి రాసింది కూడా కలిపినదే. రాష్ట్రం పని ఏందంటే ఎమ్మార్పీ కంటే ఎక్కువకి అమ్మితే డ్రగ్ ఇన్‌స్పెక్టర్ పట్టుకోవడం, మందులు కొనే సర్కారు కార్పొరేషన్ ద్వారా టోకున కొని సర్కారు ఆసుపత్రుల్లో ఉచితంగా ఇవ్వడం. ఈ టోకు పద్ధతిలో తమిళనాడు మనకంటే ముందు, 1994లోనే కార్పొరేషన్ పెట్టుకున్నారు, 2025 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి పేరుతో వెయ్యి చవక మందుల షాపులు తెరిచారు. చెన్నైలో ఉండే మా బావ ఈ మాట చెప్పి చెప్పి నన్ను చంపాడు.

ముందు జన ఔషధికి పొయ్యా, కేంద్రం పెట్టిన చవక జనరిక్ మందుల షాపు అది, అక్కడ పని సులువుగా అయిపోయింది. షుగరు బిళ్ల సిటాగ్లిప్టిన్ 50 అక్కడ 2022లో తెచ్చినప్పుడు పది బిళ్లలు 60 రూపాయలు, అదే బ్రాండ్లలో 160 నుంచి 258 దాకా ఉండేది. ఇక మిగిలింది సర్కారు ఆసుపత్రి. షుగరుకి మెట్‌ఫార్మిన్, బీపీకి టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్ లాంటివి అక్కడ ఊరికే ఇస్తారు కదా, మళ్లీ కొనడం ఎందుకని అమ్మని స్కూటర్ మీద ఎక్కించుకొని జిల్లాలో ఒక ఆసుపత్రికి పొయ్యా.

ఓపీ చీటీ దగ్గరే మొదలైంది. ఆభా నంబర్ కావాలన్నారు, అంటే ఆరోగ్య ఖాతా నంబరు, దానికి ఆధార్‌కి లింకైన ఫోన్‌కి ఓటీపీ వస్తుంది. అమ్మ ఆధార్‌కి ఉన్నది మా నాయన పాత నంబరు, నాయన పోయి ఏళ్లయింది, ఆ సిమ్ము ఎవరికో పోయింది. ఫోన్ చేసి ఓటీపీ చెప్పమని బతిమాలితే ఆయనెవరో హిందీలో తిట్టి పెట్టేశాడు. చీటీ రాసే కుర్రాడేమో "ఓటీపీ లేకపోతే నేనేం చేసేది" అంటాడు. వెనక ముసలాయన "ఆభా లేకుండా కూడా రాస్తారు, గట్టిగా అడుగు" అన్నాడు. గట్టిగా అడిగితే రాశాడు!

లోపల డాక్టరమ్మ బంగారం. చిన్న వయసు, బీపీ చూసింది, పాత రిపోర్టులు చదివింది, కలిపిన బిళ్లని విడదీసి రాసింది, విటమిన్ గోళీ కొట్టేసింది.

తర్వాత మందుల కౌంటర్. లైను పొడుగు, ఎండ తల మీద. మా వంతు వచ్చాక లోపలి మేడం చీటీ చూడలేదు, ముందు అమ్మ చేతి ఉంగరం చూసింది, తర్వాత నా చొక్కా, తర్వాత నా చేతిలో హెల్మెట్. "ఏందబ్బాయ్, బాగానే ఉన్నట్టుండారే, మీకెందుకు ఈ బిళ్లలు, లేనోళ్లకే చాలక చస్తా ఉంటే" అని లైనంతా వినేట్టు అనింది. వెనక ఇద్దరు నవ్వారు. అమ్మ ఏమీ అనలేదు, చీటీ మడిచి సంచిలో పెట్టుకొని "పద అబ్బయా, మన షాపులోనే కొనుక్కుందాం" అని లైనులోంచి పక్కకి జరిగింది. నలభై ఏళ్లు అప్పు అనేది తెలియకుండా ఇల్లు నడిపిన మనిషి, బిచ్చానికి వచ్చినట్టు తల దించుకుంది. నాకు అక్కడే అరవాలనిపించింది, అరిచా కూడా. సర్కారు ఆసుపత్రి ఓపీలో ఆదాయ పరిమితి యాడ రాసుంది చూపించమన్నా. ఆరోగ్యశ్రీ కార్డుకైతే ఆదాయం లెక్క చూసేవాళ్లు, ఓపీ బిళ్లకి కాదు. మేడం అప్పుడు పంథా మార్చి "టెల్మిసార్టాన్ స్టాకు లేదు, మిగతావి పది రోజులకే ఇస్తాం, సిస్టం తీసుకోదు" అనింది. ఈ సిస్టం అనే మాట విన్నప్పుడల్లా నాకు మా డీలర్ గుర్తొస్తాడు, మేత బస్తాలు గోడౌన్‌లో పెట్టుకొని లోడ్ రాలేదని రైతులకి చెప్తాడు.

అమ్మని చెట్టు కింద కూర్చోబెట్టి ఆసుపత్రి వ్యవహారాలు చూసే డాక్టరు, ఆర్‌ఎంఓ గది వెతుక్కుంటా పొయ్యా. ఆయన పెద్దగా మాట్లాడే రకం కాదు, కంప్యూటర్‌లో మందుల స్టాకు చూపించే ఈ-ఔషధి తెరిచాడు, టెల్మిసార్టాన్ ఉంది! ఫోన్ తీసి ఒక్క ముక్క చెప్పాడు. మళ్లీ కౌంటర్‌కి పోతే నెలకి సరిపడా బిళ్లలు వచ్చాయి, మేడం మొహం చూడకుండా తోసింది. కోట్లు పెట్టి మందులు కొని, జిల్లా స్టోర్‌కి పంపి, ఇండెంట్ పెట్టి తెప్పించి, ఆఖర్న కిటికీ దగ్గర ఒక్క మనిషి నోటితో అంతా నాశనం. ఉంగరం ఉన్నోళ్లు సిగ్గుపడి మానేస్తే ఆ కిటికీ ఎట్టా బాగుపడుతుంది, అడిగేవాడే ఉండడు కదా. అందుకే నేనైతే హెల్మెట్ చేత్తో పట్టుకొనే పోతా.

మీరు పోయేటప్పుడు ముందు ఆధార్‌కి మీ ఫోన్ నంబర్ మార్పించుకోండి, సొంతంగా బిళ్లలు మార్చకండి డాక్టర్‌తో రాయించుకోండి, మార్చాక కొన్ని వారాలు బీపీ చూపిస్తా ఉండండి. స్టాకు లేదంటే వెనక్కి తిరగొద్దు, ఆర్‌ఎంఓని అడగండి. బయట కొనే షీటు మీద కూడా ఒక కన్నేయండి, 2025 సెప్టెంబర్ 22 నుంచి మందుల మీద జీఎస్టీ 12 నుంచి 5కి తగ్గింది, మా వీధి షాపాయన పాత రేటే వేస్తే గొడవ పెట్టుకొని తగ్గించుకున్నా.

"ఊరికే ఇచ్చే బిళ్ల పనిచేస్తదా" అని అమ్మ సణిగింది, మొన్న మూడు నెలల షుగర్ టెస్టులో ముందున్నట్టే వచ్చింది, రిపోర్టు ఆమె దిండు కింద పెట్టుకుంది. కొలెస్ట్రాల్ బిళ్ల అటోర్వాస్టాటిన్ మాత్రం జన ఔషధిలో అయిపోయింది, వస్తే ఫోన్ చేస్తామన్నారు, చేయలేదు, రేపు నేనే పోయి అడగాలి.